ఆడవాళ్ల వరసలో మా తమ్ముడు

సూరత్‌లో మా తెలుగు ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, చీరల ముచ్చట తీరాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "నీదెంత?" కొత్తగా వచ్చినవాళ్లు వయసు అడుగుతున్నారనుకుని ముఖం ముడుచుకుంటారు. మేం అడిగేది పొద్దున్నే పరగడుపున మింగే థైరాయిడ్ మాత్ర మోతాదు సంగతి. "నాది యాభై." "నాది డెబ్భై ఐదు." "నాకు మొన్ననే వంద చేసిండు డాక్టర్." వంద మింగేవాళ్లను కాస్త పెద్దరికంతో చూస్తాం. నాది డెబ్భై ఐదు. మా పెద్దవాడు కడుపున పడ్డప్పుడు మొదలుపెట్టాను, వాడికి మీసాలొచ్చినా ఇంకా మింగుతూనే ఉన్నాను.

ఇంతమందికి ఉన్న జబ్బుకు మర్యాద పోతుంది. గుండె జబ్బు అంటే ఎదుటి మనిషి లేచి కుర్చీ ఇస్తాడు. క్యాన్సర్ అంటే గొంతు తగ్గించి మాట్లాడతారు. థైరాయిడ్ అంటే, "ఓస్, అదేనా, మా ఇంట్లో ముగ్గురికుంది" అని మళ్లీ టీవీ వైపు తిరుగుతారు. మా దూరపు చుట్టం ఒకాయన ఒక పెళ్లిలో, "మీ ఆడోళ్లకు ఇంట్ల కూసుండి కూసుండి ఒస్తది" అన్నాడు. నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆయన ఇప్పటికీ మా గుమ్మం తొక్కడు.

అందుకే మా తమ్ముడి సంగతి రాయాలనిపించింది. అది కరోనా రెండో విడత తగ్గి, అందరూ గడ్డం కింద మాస్కు వేలాడదీసుకుని తిరుగుతున్న వానాకాలం.

మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు నడపడానికి ఇక్కడికొచ్చాడు. సాంచా అంటే మా వాళ్ల భాషలో మరమగ్గం. నన్ను పట్టుబట్టి బీయస్సీ చదివించాడు. తమ్ముడికి చదువు మీద మనసు పోలేదు, సాంచా మీద పోయింది. మీసం రాకముందే ఖాతాలో చేరాడు. ఇక్కడ ఖాతా అంటే బ్యాంకులో ఉండేది కాదు, మగ్గాల షెడ్డు. వాడు డజను సాంచాలు ఒక్కడే చూసుకునేవాడు. ఆ చప్పుళ్లన్నిటి మధ్యా ఏ సాంచాలో తేడా వచ్చిందో వాడికి అరికాళ్లకే తెలిసిపోతుందని తోటివాళ్లు చెప్పుకునేవారు. నాకు పెళ్లయి ఉధ్నాలో రైల్వే క్వార్టర్లకు వచ్చాను. మా ఆయనది బండ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు బమ్రోలిలో ఉంటారు. ఆటోలో పోతే ఎంతో దూరం లేదు, కానీ ఆ రెండేళ్లూ బమ్రోలి మాకు పరాయి దేశమైపోయింది.

రెండో విడతలో వాళ్లింట్లో అందరికీ జ్వరాలొచ్చి పోయాయి. మాకూ వచ్చిపోయాయి. వీడియో కాల్ చేస్తే తమ్ముడి ఫోన్‌లో ఎప్పుడూ సీలింగ్ ఫ్యాన్ కనిపించేది. "మొఖం జూపియ్‌రా" అంటే ఒక చెవి చూపించేవాడు. మగవాళ్లకు ఫోన్ ఎలా పట్టుకోవాలో ఏ బళ్లోనూ నేర్పరు.

వానలు పడుతుండగా మరదలు ఫోన్ చేసింది.

"వదినె, మీ తమ్ముడు మనిషి లెక్క ఉంటలేడు. ఒక్క మాట అడిగితె ఆయన జవాబు చెప్పేసరికి నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి ఒస్తున్న."

"పోట్లాడుకున్నరా?"

"పోట్లాడెటందుకు మనిషి లేవాలె గద వదినె. పొద్దందాక పంటడు. ఊరికి పోదామంటుండు. నువ్వొకసారి రా."

వెళ్లాను. తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట వాన వెలిసి, ఒళ్లంతా జిగటగా ఉక్కపోస్తోంది. వాడు స్వెటర్ వేసుకున్నాడు, మెడ దాకా గుండీలు పెట్టుకుని.

"గీ ఉక్కల స్వెటరేందిరా?"

కొంచెం ఆగి అన్నాడు. "సలి పెడ్తుందక్క."

"ఖాతల గూడ ఏస్కుంటున్నవా?"

"ఆఁ."

"నవ్వుతలేరా నిన్ను జూసి?"

"నవ్వుతుండ్రు. నవ్వనియ్."

ఖాతాలో మగవాళ్లు బనియన్ కూడా బరువనుకుంటారు. ఆ వేడిలో స్వెటర్ వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి ఒక్కరికీ అనుమానం రాలేదంటే, అనుమానం రాకుండా అడ్డుపడేవి చాలా ఉన్నాయి. మొదటిది కరోనా. ఆ ఏడాది ఎవరికి ఏమొచ్చినా "కరోనా కమ్‌జోరి", అంటే నీరసం, అని తేల్చేసేవారు. గల్లీ డాక్టర్ అదే చెప్పి రెండు గ్లూకోజు బాటిళ్లు ఎక్కించాడు. రెండోది వాడి పని. గొంతు బొంగురు పోయిందంటే, సాంచాల మీద అరిచి అరిచి అందరి గొంతులూ అంతే అన్నారు. పిలిస్తే పలకడంటే, ఖాతాలో ఎవరి చెవులు సరిగ్గా ఉన్నాయి అన్నారు. అసలు ఖాతాలో మాటలు చెవితో వినరు, పెదాలు చూసి పట్టుకుంటారు. మాస్కులు వచ్చాక ఆ పెదాలు కూడా కనబడకుండా పోయాయి. సైగలతో పని నడిచింది. మా తమ్ముడి గొంతు మారిందని పక్క వరస సాంచాల మనిషికి తెలిసే దారే లేకపోయింది. ఇక మూడోది, వాడు మగవాడు కావడం. దాని సంగతి తర్వాత చెబుతాను.

మరదలు చాయ్ పెడుతూ జరిగింది చెప్పింది. పోగు తెగితే వెంటనే సాంచా ఆపి, తెగిన కొస వెతికి ముడి వేయాలి. చెప్పడానికి పట్టినంత సేపు పట్టదు ఆ పని. తమ్ముడు తెగిన పోగును చూస్తూ నిలబడ్డాడట. చూస్తూనే ఉన్నాడు, చెయ్యి లేవలేదు. గజాల కొద్దీ బట్ట గీత పడి పాడైపోయింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తాగి వస్తున్నాడని ఖాతా మాస్టర్ యజమాని సేఠ్‌కు చెప్పాడు. సేఠ్ పిలిచి, "దీపావళి దాకా నీకిష్టమొచ్చినట్టు రా. సెలవులయ్యాక నీ సాంచాలు వేరేవాళ్లకిస్తా" అన్నాడు.

"నువ్వేమన్నవ్‌రా?" అని అడిగాను.

"ఏమంటనక్క. సేఠ్ గూడ తప్పన్లేదు. నాతోని ఐతలేదు." మళ్లీ ఆగాడు. "ఊరికి పోతం. ఆమె బీడీలు చేస్తది. నేను ఇంట్ల ఉంట. నా పనైపోయింది."

నలభై దాటని మనిషి ఈ మాట అంటుంటే, పక్కన పిల్లలిద్దరూ గుజరాతీలో ఏదో పాఠం చదువుకుంటున్నారు. వాళ్లకు తెలుగు అక్షరం ముక్క రాదు. ఊళ్లో ఏ బడిలో వేస్తారు వాళ్లను? మరదలు పెళ్లికి ముందు బీడీలు చుట్టి చుట్టి మెడనొప్పి తెచ్చుకుని, ఇంక ఆ బీడీల చాట ముట్టనని ఒట్టు పెట్టుకుని ఇక్కడికొచ్చిన మనిషి. ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది, అంతే.

నేను తమ్ముడి ముఖం చూశాను. కళ్ల కింద ఉబ్బు, పెదాలు దళసరిగా, చర్మం ఎండిపోయి పొలుసు రేగినట్టు. "బాగ తిని బలిసిండు" అంటున్నారట గల్లీలో. ఈ ముఖం నాకు తెలుసు. మాత్ర మొదలుపెట్టకముందు అద్దంలో నేను చూసుకున్న ముఖమే ఇది, మీసాలు తగిలించుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నీకు థైరాయిడ్ ఉందిరా."

మరదలు చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నెమ్మదిగా నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడట.

"అది ఆడోళ్ల బీమారి గదక్క. రేపు కడుపైందంటవ్ నాకు."

"అయితే సీమంతం జేస్త. ముందు పరీక్షకు నడువ్."

"నేను రాను. ఖాతల తెలిస్తె నన్ను బతకనియ్యరు. తాగుబోతన్నా మంచిదే."

చూశారా? తాగుబోతు అనిపించుకోవడానికి సిద్ధం, ఆడవాళ్ల జబ్బు ఉందనిపించుకోవడానికి సిద్ధం కాదు. ఇదే నేను చెబుతానన్న మూడో అడ్డు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, "నీకు అందరి మెడలే కనపడ్తయి. మగోళ్లకు అది ఎక్కడన్న ఉంటదా? మన తెలిసినోళ్లల్ల ఒక్కన్ని చెప్పు" అన్నాడు.

"ఎవరన్న పరీక్ష చేయించుకున్నరా చెప్పడానికి?"

"లేనప్పుడు ఎందుకు చేయించుకుంటరు?"

"లేదని ఎట్ల తెలుసు?"

"చేయించుకున్నోళ్లల్ల ఎవ్వలికి లేదు గద."

"ఎవ్వరు చేయించుకోలేదు గద!"

మా వాదన ఇలా గానుగెద్దులా తిరుగుతూ భోజనాల దాకా వచ్చింది. నాకు మజ్జిగ పోస్తూ ఆయన హఠాత్తుగా ఆగిపోయాడు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది.

"జనరల్ బోగీలు ఉంటయి చూడు," అన్నాడు. "పండగ రోజుల్ల లోపలికి పోలేం. జనం మీద జనం. మేం ఆ బోగీ ఎక్కనే ఎక్కం. ఆ రోజు రిపోర్టుల ఆ బోగీల టికెట్ లేనోళ్లు సున్న. పైన సార్లు చదివి, జనరల్ బోగీల అందరు నిజాయితీపరులే అనుకుంటరు."

"అదే నేను చెప్పేది పొద్దట్నుంచి!"

"నువ్వు అరుస్తున్నవ్. నేను చెప్తున్న," అని మజ్జిగ పోశాడు.

ఆ పోలిక ఆయనదే, ఒప్పుకుంటాను. తర్వాత ఎన్నో చోట్ల నాదన్నట్టు వాడుకున్నాను.

పరీక్షకు రానన్న తమ్ముణ్ని మా సమాజం వాళ్ల క్యాంపు ఒడ్డున పడేసింది. మా తెలుగువాళ్ల సమాజానికి ఒక హాలుంది. పెళ్లిళ్లకూ మీటింగులకూ వాడతారు. ఏడాదికోసారి అక్కడ ఉచితంగా రక్తపరీక్షలు చేయిస్తారు. కరోనా వల్ల ఒక ఏడు తప్పిపోయింది, ఈసారి పెడుతున్నారని తెలిసింది. మా క్యాంపుకు ఏనాటి నుంచో ఒక ఆచారం. మగవాళ్ల వరస ఒకవైపు: షుగరు, బీపీ. ఆడవాళ్ల వరస ఇంకోవైపు: రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఉందా. ఎవరు పెట్టారో తెలియదు, గుళ్లో దర్శనం వరసల్లా పాతుకుపోయింది. మగవాళ్లకు షుగరు పరువైన జబ్బు. "నాకు షుగరుంది" అంటే నాలుగు రకాల స్వీట్లు తిన్నవాడినని చెప్పుకున్నట్టే.

షుగరు చూపించుకుందామని నమ్మించి తమ్ముణ్ని తీసుకొచ్చాం. అబద్ధం చెప్పామనుకోకండి, షుగరు కూడా చూపించాం. అక్కడ పని కాగానే నేనూ మరదలూ చెరో చెయ్యి పట్టుకుని ఆడవాళ్ల వరసలో నిలబెట్టాం. పారిపోదామనుకున్నాడేమో, వాడి కాళ్లు వాడి మాట వినే స్థితిలో లేవు.

స్వెటర్‌లో మగమనిషి, చుట్టూ ఆడవాళ్లు. ఇంక చెప్పేదేముంది?

"ఏం బావా, ఈసారి బతుకమ్మ నువ్వే ఎత్తుకుంటవా?"

"జర పక్కకు జరుగన్న, చెంగు తొక్కుతున్నవ్."

"బొట్టు పెట్టకుంట పంపిండ్రేందే? ఇగో నా దగ్గరున్నది స్టిక్కర్!"

మైకు పట్టుకున్న పెద్దమనిషి పరుగున వచ్చాడు. సమాజంలో ఆయన మాటకు ఎదురుండదు. ఆయనకు నేనంటే ముందునుంచీ పడదు, ఎందుకంటే ప్రతి మీటింగులోనూ నాకు ఒక ప్రశ్న ఉంటుంది.

"ఏందమ్మా ఇది? మగోళ్ల లైను అటు."

"అటు థైరాయిడ్ చూస్తలేరు గద, అందుకే ఇటు."

"మగోళ్లకు అది ఎందుకు చూస్తరు? ఉన్నోణ్ని ఒక్కణ్ని చూపియ్, వచ్చే ఏడు అటు గూడ పెట్టిస్త."

"చూడకుంట ఎక్కడ్నుంచి చూపియ్యాలె? టికెట్ చెక్ చెయ్యని బోగీల అందరు రాజా హరిశ్చంద్రులేనా?"

ఆయనకు అర్థం కాలేదు. వెనకనుంచి మా ఆయన దగ్గిన దగ్గు మాత్రం నాకు బాగా అర్థమైంది.

గొడవ విని మూలన బల్ల దగ్గర కూర్చున్న లేడీ డాక్టర్ లేచి వచ్చింది. గుజరాతీ ఆవిడ, మాస్కు మీద మరో మాస్కు. "క్యా హువా, బెన్?" అని ఏమైందో అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆమె చూపు తమ్ముడి స్వెటర్ మీద పడింది. వాడి పేరు అడిగింది. వాడు చెప్పాడు, వాడి తీరులో, ఆగి ఆగి, ఆ బొంగురు గొంతుతో. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి ఊరి పేరు. వాడి మాట వినడానికే అడుగుతోందని నాకు తెలిసింది. కుర్చీ మీద మోకాళ్లపై నిలబడమని, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలింది. మళ్లీ వెనక్కి రావడానికి తీరిగ్గా టైము తీసుకుంది, బద్ధకంగా మూసుకునే తలుపులా.

ఆవిడ పెద్దమనిషి వైపు తిరిగి హిందీలో చెప్పింది. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో పదిమందికి ఒకరు అటూఇటుగా థైరాయిడ్ మందగించినవాళ్లే ఉంటారట. అందులో ఆడవాళ్లు చాలా ఎక్కువట, మగవాళ్లు తక్కువట. తమకు ఉందని తెలియనివాళ్లు కూడా బోలెడుమందట. "తక్కువ అంటే లేరని కాదు భాయీ. ఇంత పెద్ద దేశంలో తక్కువ అంటే కూడా ఎంతమందో ఆలోచించండి" అంది.

పెద్దమనిషి మైకు చేతులు మార్చుకున్నాడు. వరసలో నవ్వులు ఇంకా ఆగలేదు. అప్పుడు ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "నవ్వకుండ్రే," అంది. "మా ఇంటాయన గిట్లనే ఉబ్బిండు. గిట్లనే సలి సలి అనుకుంట కూసున్నడు. ఏమైందో ఎవ్వలకు తెల్వకుంటనే పోయిండు. పొల్లగాన్ని ముందలికి రానియ్యిండ్రి."

అందరూ జరిగారు. నిన్నటిదాకా గల్లీలో తాగుబోతనిపించుకున్నవాడు ఆడవాళ్లు ఇచ్చిన దారిలో నడిచి, స్వెటర్ చెయ్యి పైకి లాక్కుని, రక్తం ఇచ్చాడు.

ఫలితం చెప్పడానికి ల్యాబ్ వాళ్లే ఫోన్ చేశారు. మొదట తమ మిషన్ చెడిపోయిందనుకున్నారట. రెండోసారి చూసినా, థైరాయిడ్ మందగించిన కొద్దీ పెరిగే టీఎస్‌హెచ్ అంకె ఆ మిషన్ ఎంతవరకు చూపించగలదో అంతకు పైనే ఉందన్నారు. డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించి, చిన్న మోతాదుతో మొదలుపెట్టింది. ఇది ఉన్నట్టుండి వచ్చింది కాదని, కరోనా కంటే చాలా ముందునుంచే మెల్లగా పాకుతూ వచ్చి ఉంటుందని చెప్పింది.

ఆవిడ ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక మెట్ల మీద తమ్ముడు నిలబడిపోయాడు.

"అక్కా."

"ఏందిరా?"

"అంటె నేను పని దొంగను కానా?"

నేను మందుల చీటీ సంచిలో పెట్టుకుంటున్నాను. మరదలే చెప్పింది: "కాదు. నడువుండ్రి, ఎండల నిలవడ్డరు."

మాత్ర మింగగానే మనిషి లేచి పరుగెత్తుతాడనుకున్నాం. అలా జరగలేదు. వాడికి కళ్లు తెరవగానే చాయ్ పడాలి. మాత్రేమో మంచినీళ్లతో వేసుకుని, చాయ్ కోసం కాసేపు ఆగాలి. మొదటి వారమంతా చాయ్‌తోనే మింగాడని మరదలు చెబితే ఫోన్‌లో వాడికి నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో చూపించాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. "మింగినవా?" "మింగిన." "దేంతోని?" "నీళ్లతోని, తల్లీ." కొన్ని వారాలు ఏ తేడా కనిపించలేదు. "గిది గూడ గ్లూకోజు బాటిళ్ల లెక్కనే" అనడం మొదలుపెట్టాడు. మోతాదు పెంచారు.

నవరాత్రులప్పుడు ఒకరోజు వాళ్లింటికి వెళితే, గోడకు కూర్చున్న మనిషి లేచి ఫ్యాన్ స్పీడు పెంచాడు. "ఏం ఉక్కపోతక్క, సావగొడ్తుంది" అన్నాడు. నేనూ మరదలూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. ఉక్కపోతను తిడుతుంటే అంత సంతోషపడ్డ ఇద్దరు ఆడవాళ్లు ఆ రోజు సూరత్ మొత్తం మీద ఇంకెవరూ ఉండరు.

అయినా సేఠ్ మాట సేఠ్‌దే. దీపావళికి ఖాతాలన్నీ మూసేస్తారు. తర్వాత ఐదో రోజు వచ్చే లాభ్ పాంచమ్ నాడు ముహూర్తం చేసి మళ్లీ తెరుస్తారు. ఆ రోజుకి మా తమ్ముడి సాంచాల ముందు ఎవరు నిలబడతారన్నదే ప్రశ్న. "నేను పోయి సేఠ్‌తో మాట్లాడుత" అన్నాను. తమ్ముడు వద్దన్నాడు. మా ఆయన అసలే వద్దన్నాడు. "నువ్వు మాట్లాడితె ఉన్న సాంచాలు గూడ పోతయి" అన్నాడు. సెలవులకు ముందే వెళ్లాను. తమ్ముడు తోడొచ్చాడు, నన్ను ఆపడానికి.

సేఠ్ ఆఫీసు చల్లగా ఉంది, గోడ మీద లక్ష్మీదేవి, బల్ల మీద చీరల నమూనాలు. దారి పొడవునా తయారు చేసుకున్న వాదనలన్నీ హిందీలో మొదలుపెట్టాను: ఇది తాగుడు కాదు, సోమరితనం కాదు, డాక్టర్ ఏమందంటే... సగంలోనే ఆయన చెయ్యెత్తాడు.

"థైరాయిడా?"

"అవును సేఠ్."

"మా ఇంట్లో ఆవిడకూ ఉంది," అన్నాడు. "వందది." ఆ మాటలో మా ఆడవాళ్ల గొంతులో ఉండే పెద్దరికమే ఉంది. "మందు లేనప్పుడు పొద్దంతా పడుకునేది. మా అమ్మతో రోజూ గొడవ. ఇప్పుడు నన్ను కూర్చోనివ్వదు." తమ్ముడి వైపు తిరిగి, పైనుంచి కిందికి చూశాడు. "కానీ నీకెలా వచ్చింది? నువ్వు మగాడివి కదా?"

తమ్ముడు నావైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను, నిజంగానే.

"మగోళ్లకు గూడ ఒస్తది సేఠ్," అన్నాడు వాడు హిందీలో, ఆగకుండా. "తక్కువ మందికి. నాకొచ్చింది."

నేను కూడగట్టుకుని వెళ్లిన వాదనలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. ఇన్నాళ్లూ అందరికీ ఉన్న జబ్బని చులకన చేస్తారని నేను ఎందరి మీద విరుచుకుపడ్డానో. ఆ రోజు మా తమ్ముణ్ని నిలబెట్టింది అదే. సేఠ్ ఇంట్లో ఆ డబ్బా ఉంది, ఆ మాత్ర పనిచేస్తుందని ఆయన కళ్లారా చూశాడు. అరుదైన జబ్బయితే నేను ఎంత గొంతు చించుకున్నా నమ్మేవాడు కాదు.

"లాభ్ పాంచమ్ తర్వాత నాలుగు సాంచాలు ఇస్తా," అన్నాడు. "చూద్దాం. బట్ట పాడు కాకపోతే మిగతావి తర్వాత."

డజను చూసిన మనిషికి నాలుగు. తమ్ముడు నమస్కారం పెట్టాడు. మెట్లు దిగుతూ, "నాలుగే ఇచ్చిండేంది?" అని సణిగాడు. ఆ సణుగుడు విని నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. నా పనైపోయిందన్న మనిషి నోటినుంచి వచ్చిన మాట అది.

పండగ సెలవుల్లో మా సమాజం పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఎవరో స్నేహితుడికట, మగవాళ్లకు ఆ పరీక్ష ఏ ల్యాబ్‌లో చేస్తారని అడిగాడు. స్నేహితుడి గొంతు అచ్చం ఆయన గొంతులాగే ఉందని నేను అనలేదు. తర్వాత తెలిసింది, ఆయనతో పాటు ఇంకొందరు వెళ్లారు. చాలామందికి ఏమీ లేదు. పెద్దమనిషికీ లేదు, ఆ సంగతి ఆయనే మైకు లేకుండా అందరికీ చెప్పుకున్నాడు. తమ్ముడి ఖాతాలోనే పనిచేసే ఒకతనికి మాత్రం ఉందని తేలింది. అతనూ మాత్ర మొదలుపెట్టాడు. మగవాళ్లందరినీ పిలిచి పరీక్షలు చేయాలని నేను అనడం లేదు, డాక్టరమ్మ కూడా అనలేదు. చలి, ఉబ్బు, మందకొడితనం ఇవన్నీ కలిసి వచ్చిన మనిషిని ముందు ఆడా మగా అని చూడకండి అంటున్నాను, అంతే. దీనిమీద ఎవరైనా వాదించదలిస్తే నేను ఇంట్లోనే ఉంటాను.

లాభ్ పాంచమ్ అయిన మర్నాడు తమ్ముడు పనిలోకి వెళ్లాడు. నాలుగు సాంచాలు. మరదలు రొట్టెలు కట్టి పంపించి, పని చెడగొట్టుకుని మళ్లీ ఇంటికొచ్చేస్తాడేమోనని రోజంతా వాకిట్లోనే తిరిగిందట. నేనూ ఫోన్ పక్కనే కూర్చున్నాను. ఏ కబురూ రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. ఊరికి పోయే మాట ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేదని మాత్రం మరదలు చెప్పింది. పిల్లలకు కొత్త ట్యూషన్ మాట్లాడుతోందట.

మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవాల్సిన రోజు దగ్గర పడింది. వాడికి గుర్తుండదని నాకు తెలుసు. మధ్యాహ్నం ఖాతాకు ఫోన్ చేశాను. ఎత్తగానే సాంచాల హోరు చెవిలో పడింది. ఆ హోరు మీదుగా వాడి గొంతు, బొంగురు వదిలి, సన్నగా, నాన్న గొంతులా.

"చెప్పక్కా, జల్ది చెప్పు!"

"రేపు పరీక్షకు పోవాలెరా. పరగడుపున..."

"ఏందీ?"

"పరీక్షరా! డాక్టరమ్మ ఏం చెప్పిందంటే..."

"అక్కా, ఇయ్యాల ఆరు సాంచాలిచ్చిండు. అటు పోగు తెగింది. తర్వాత జేస్త!"

నేను చెప్పాల్సింది ఇంకా సగం ఉంది. పెట్టేశాడు.